రేపెవరు పోస్తారు నీళ్ళు

ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి ముగ్గురు ఆడపిల్లలు మా గదికి వస్తారు. పెళ్ళిపాటలు నేర్పమంటారు. ముగ్గురూ ఇక్కడే, కలకత్తా ఖిదిర్‌పూర్‌లోనే పుట్టారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. నేను పాడుతుంటే ఫోన్లో బెంగాలీ అక్షరాలతో రాసుకుంటారు. నన్ను దిదా అని పిలుస్తారు, అంటే అమ్మమ్మ. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది, "దిదా, ఈ పాట ఏ రాగం?" అని. రాగం పేరు నాకు తెలీదన్నాను. ఏ ఇంటి వంటింట్లో పుట్టిందో మాత్రం చెప్పగలను.

పాటలు ఇప్పుడు ఫోన్లో దొరుకుతాయి. పాడే పని ఎలా ఉంటుందో దొరకదు. అందుకని ఇది రాస్తున్నాను. వీళ్ళు చదవలేకపోతే వాళ్ళ అమ్మలు చదివి వినిపిస్తారు. నలభై ఏళ్ళు పాడాను. ఏ సంఘం వాళ్ళు ఎన్ని శాలువాలు కప్పారో ఇక్కడ చెప్పను. అవన్నీ చలికాలంలో నేను కప్పుకుంటూనే ఉన్నాను, వాటి పని అవి చేస్తున్నాయి.

కుళాయి వరస

మా ఆయన డాక్‌లో క్రేన్ ఖలాసీ. పెళ్ళయి శ్రీకాకుళం నుంచి నేను ఇక్కడికి వచ్చిన ఏడాది చలికాలం ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. పొద్దున్నే సందు నిండా మంచు. బొగ్గుల కుంపట్ల పొగ ఆ మంచులో కలిసిపోయి ఏది పొగో ఏది మంచో తెలిసేది కాదు. ఎక్కడో నది మీద ఓడ కూత వేసేది. ఎనిమిది కాపురాలకి ఒకటే కుళాయి. నీళ్ళ కోసం వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు సగమే కనిపించేవి, గాజుల చప్పుడు మాత్రం పూర్తిగా వినిపించేది.

బిందె నిండుతున్నప్పుడు విన్నారా ఎప్పుడైనా? అడుగున ఉన్నప్పుడు శబ్దం బొంగురుగా ఉంటుంది. నిండేకొద్దీ సన్నబడి పైకి పోతుంది. నా మొదటి శ్రుతిపెట్టె ఆ బిందే. నేను దానితో పాటు గొంతు ఎత్తుకుంటూ పోయేదాన్ని. ఒకరోజు వెనకనుంచి ఒక ముసలావిడ నా భుజం మీద చరిచింది.

"ఒలే గుంటా, నీ బిందె నిండిపోయి నీళ్ళన్నీ నేలపాలైపోతంటే పాడతన్నావేటి? పాటైనా ఆపు, బిందైనా తియ్యి."

నేను బిందె తీశాను. పాట ఆగలేదు. ఆవిడ నవ్వింది. పై పళ్ళు రెండు లేవు. ఆవిడే గౌరమ్మప్ప. డాక్ కాపురాల్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ పిల్లని ఉయ్యాల్లో వేసినా పాట ఎత్తుకునేది ఆవిడే. మర్నాటి నుంచి నన్ను వెంటబెట్టుకుని తిరిగింది. నాకు చదువు చెప్పినవాళ్ళు వేరే ఎవరూ లేరు.

వెల్లుల్లి వలుస్తూ

పెళ్ళికూతుర్ని పంపేటప్పుడు పాడేది అప్పగింతల పాట. ఊళ్ళో అయితే ఆ పాటలో ఆవూ దూడా మల్లెపందిరీ వస్తాయి, పిల్ల విడిచిపోయేవన్నీ వస్తాయి. గౌరమ్మప్ప అనేది, "ఈ సందులో ఆవేదే? ఈ గుంట ఎప్పుడైనా దూడని సూసిందా? లేనిదాని కోసం ఎవులేడుస్తారు?" అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి పెళ్ళికీ ఆ ఇంటి కోసం ఒక కొత్త చరణం కట్టేది. దాన్ని మేం ఇంటి చరణం అనేవాళ్ళం.

దానికి రెండు నియమాలు. పెళ్ళికి ముందురోజు ఆ ఇంటికి వెళ్ళి వంటింట్లో నేలమీద కూర్చోవాలి. చేతికి వెల్లుల్లో చిక్కుడుకాయలో ఏదో ఒకటి తీసుకోవాలి. ఏమీ అడగకూడదు. అడిగితే జనం గొప్ప గొప్ప సంగతులు చెబుతారు. చూస్తూ కూర్చుంటే అసలు సంగతులు వాటంతటవే మన ముందునుంచి నడిచిపోతాయి. ఇది మొదటిది. చరణం కట్టాక, అది ఎవరి గురించో వాళ్ళకి ఆ వంటింట్లోనే ముందుగా పాడి వినిపించాలి. వాళ్ళు వద్దంటే ఇంక మాట్లాడకుండా వదిలెయ్యాలి. ఇది రెండోది. మొదటి నియమం నాకు చాలా ఇష్టం. రెండోది గౌరమ్మప్ప చాదస్తం అనుకునేదాన్ని.

ఆ వంటిళ్ళలో ఎన్ని చూశానో. ఒక ఇంట్లో తాత రేడియో పలక్కపోతే దాని వీపు మీద సరిగ్గా రెండు దెబ్బలు వేసేవాడు, మూడో దెబ్బ మనవరాలిది. ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్ళు డాబా మీద రేగుపళ్ళ పచ్చడి ఒకే గిన్నెలో వేళ్ళు ముంచి నాకేవాళ్ళు. ఒక పిల్ల రోజూ బడి నుంచి ట్రాంలో కిటికీ పక్కనే కూర్చుని వచ్చేది. ఆ రోజుల్లో ఖిదిర్‌పూర్ ట్రాం మైదానం గడ్డి మీదుగా, చెట్ల నీడల్లోంచి నిద్రపోతున్నట్టు నడిచేది. ఆ పిల్ల చరణంలో నేను ట్రాం గంట పెట్టాను. పాడగానే ఆ పిల్ల తండ్రి, ఆరడుగుల మనిషి, గోడవైపు తిరిగి నిలబడిపోయాడు.

మనిషికి సంతోషం ఇలాంటి చోట్లే ఉంటుందని నాకు ఆ వయసులోనే తెలిసింది. అది నా గొప్ప కాదు. ఆ వంటిళ్ళలో కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుంది.

మేజ్‌దా

నా చేత పాడించిన మనిషి ఇంకొకడు కూడా ఉండేవాడు. పూజా పందిళ్ళ దగ్గర ఆర్కెస్ట్రా నడిపే బెంగాలీ ఆయన. అందరూ మేజ్‌దా అనేవాళ్ళు, రెండో అన్నయ్య అని. ఒక సీమంతంలో నా పాట విని స్టేజి మీదకి పిలిచాడు. బెంగాలీ పాటలు, హిందీ పాటలు, మధ్యలో ఒక తెలుగు పాట. రంగు రంగుల బల్బులు, మైకు, చప్పట్లు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి వెనక వరసలో నిలబడి వేరుశనక్కాయలు తింటూ వినేవాడు.

మేజ్‌దా దగ్గర మంచీ నేర్చుకున్నాను, చెడ్డా నేర్చుకున్నాను. "నరసమ్మా, దమ్ము అంత గట్టిగా పీల్చకు. జనం పాట వినడానికి వచ్చారు, నీ ఊపిరి వినడానికి కాదు," అనేవాడు. అది మంచిది. ఇప్పటికీ ఈ పిల్లలకి అదే చెబుతున్నాను. జనం కళ్ళన్నీ నా మీదే ఉన్నాయన్న మత్తు కూడా అక్కడే అంటుకుంది. అది మంచిది కాదు. స్టేజి మీద పాట నాది. పెళ్ళింట్లో పాట వాళ్ళది. నేను ఆ తేడా మరిచిపోయాను.

పదకొండు గంటల వేళ

పైడమ్మ పెళ్ళి సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ళ క్రితం మాట. పైడమ్మ తండ్రి సింహాచలం మునిసిపాలిటీలో పనివాడు. వీధి మురుగుకాలవల్లోకి దిగి శుభ్రం చేసేవాడు. చీకటి ఉండగా వెళ్ళి పదకొండు గంటలకి ఇంటికి వచ్చేవాడు.

పెళ్ళికి ముందురోజు వాళ్ళ వంటింట్లో కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాను. ఆయన వచ్చాడు. లోపలికి రాలేదు. ముంగిట్లో బండరాయి మీద కూర్చున్నాడు. పైడమ్మ పొయ్యి మీంచి వేణ్ణీళ్ళ గిన్నె దించి బకెట్లో పోసి, చన్నీళ్ళు కలిపి, వేలు ముంచి చూసి, ఆయన వీపు మీద పోసింది. శీతాకాలపు ఎండ రేకుల మధ్యనుంచి సరిగ్గా అక్కడే పడుతోంది. పొగలు ఆ ఎండలోకి లేచాయి. ఆయన కళ్ళు మూసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఊరికే నవ్వు.

"ఇంకొంచెం తల్లీ. ఆ మెడకాడ. అబ్బ, ఎంత హాయిగా ఉన్నాదే."

పైడమ్మ ఎర్రసబ్బుతో వీపు రుద్దుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. నా చేతిలో వెల్లుల్లిపాయ అలాగే ఉండిపోయింది. చరణం నేను కట్టలేదు, అదే వచ్చేసింది.

ఆయనకి వినిపించాలి. కానీ ఆ సాయంత్రం నది అవతల మేజ్‌దా స్టేజి ఉంది, మధ్యాహ్నానికే రిహార్సలు. ఆయన స్నానం చేసి, తుడుచుకుని, తిని కూర్చునేదాకా ఆగితే బస్సు పోతుంది. రేపు పెళ్ళిలో అందరితో పాటు వింటాడులే అనుకున్నాను. చెప్పులేసుకుని పరిగెత్తాను.

మగపెళ్ళివారు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చారు. పెళ్ళికొడుకు రాజారావు యార్డులో పనిచేసేవాడు. వాళ్ళకి సింహాచలం గురించి మునిసిపాలిటీలో ఉద్యోగం అని చెప్పారు. అబద్ధం కాదు. ఏం ఉద్యోగమని వాళ్ళు అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. ఇదేదీ నాకు తెలీదు. ముందురోజు ఆయనకి వినిపించి ఉంటే తెలిసేది.

మధ్యాహ్నం అప్పగింతలు. ఎత్తుకున్నాను.

వీధుల మురుగంత కడిగొచ్చె అయ్య
వీపున నీళ్ళోసి మురిసింది కూతురు
వేణ్ణీళ్ళ పొగలోన నవ్వేటి అయ్యకు
రేపెవరు పోస్తారె నీళ్ళు మా తల్లీ

మావైపు ఆడవాళ్ళంతా కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నా గొంతు ఆ రోజు పలికినట్టు మళ్ళీ ఎప్పుడూ పలకలేదు. చివరి మాట ఇంకా గాలిలో ఉండగానే పెళ్ళికొడుకు తల్లి అడిగింది.

"ఏటి, మురుగు కడిగే పనా? ఆఫీసులో ఉజ్జోగమనుకున్నాం మేం."

సన్నాయి మనిషి సన్నాయి ఒళ్ళో పెట్టేసుకున్నాడు. పెళ్ళికొడుకు తలవంచుకున్నాడు. పైడమ్మ నావైపు చూసింది. కోపంగా కూడా కాదు. మన పెట్టెలోని బట్టలు ఎవరో తీసుకెళ్ళి వీధిలో ఆరేస్తే చూస్తాం కదా, అలా చూసింది. పెళ్ళి అయిపోయింది కాబట్టి ఆగలేదు. పెళ్ళికొడుకు తల్లి కోడల్ని తీసుకుని వెళ్ళిపోయింది.

సింహాచలం కొత్త తెల్లచొక్కాలో, అక్కడ మిగిలిపోయిన విస్తరాకులు ఒక్కొక్కటే మడత పెడుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"పాట బాగుందమ్మా. నీల్ల సంగతి బాగా కట్టినావు," అన్నాడు. "ఆ మురుగు మాట ఒక్కటీ లేకపోతే..." అని, మిగతాది చెప్పకుండా ఇంకో విస్తరాకు తీశాడు.

ఆయన నన్ను తిట్టి ఉంటే ఈ ముప్పై ఏళ్ళూ ఇంకొంచెం సులువుగా గడిచేవి.

గౌరమ్మప్ప ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగింది.

"అతనికి ముందు ఇనిపించినావేటి?"

"లేదప్పా. బస్సు..."

"బస్సు దొరికిందా?"

"దొరికింది."

"మరింకేటి," అని అటు తిరిగి పడుకుంది.

చిలకలూ మల్లెలూ

ఆ తర్వాత సంగతులు ఆ నోటా ఈ నోటా నాకు చేరాయి. పైడమ్మ అత్తగారు, కూతుర్ని చూడ్డానికి వెళ్ళిన సింహాచలానికి గుమ్మం బయట మెట్టు మీద, వేరే గ్లాసులో టీ ఇస్తోందట. సంత్రాగాఛి ఎంతో దూరం లేదు, నది దాటితే ఒక బస్సు. వెళ్ళి క్షమించమని అడగాలి. వెళ్ళలేదు. స్టేజి ఎక్కి వేలమంది ముందు పాడినదాన్ని, ఒక గుమ్మం తొక్కలేకపోయాను. ఇంత సిగ్గు నాకు ఇంకే విషయంలోనూ లేదు.

ఇంటి చరణాలు మానేశాను. చిలకలూ మల్లెలూ ఉన్న పాత చరణాలే ఎక్కడికక్కడ పాడాను. ఎవరూ తప్పుపట్టలేదు. ఎవరికీ ఏమీ తగల్లేదు కూడా. మూడేళ్ళు అలా నడిచింది. అప్పటికి గౌరమ్మప్ప మంచం పట్టింది. ఒకరోజు ఆవిడకి గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని అంది, "ఒలే, బయపడి పాడకు. అడిగి పాడు." నెల తిరక్కుండా పోయింది.

ఆ రోజు నుంచి ఇంటి చరణాలు మళ్ళీ కట్టాను, అడక్కుండా మాత్రం ఒక్కటీ పాడలేదు. మేజ్‌దా స్టేజి మానేశాను. వద్దన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు వద్దన్న చరణాలు నా మనసులోనే ఉన్నాయి, ఈ కాగితం మీద కూడా రాయను. ఈ పాడే పనిలోకి వచ్చే పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఇదే. మీరు చూసింది నిజమే కావచ్చు, అందమైనదే కావచ్చు, అయినా అది మీది కాదు.

ఇప్పటి రోజులు

మెడలో గడ్డ తీశాక పై స్వరాలు పోయాయి. కింది స్వరాలు ఉన్నాయి, కాస్త గరుకుగా. మొదట్లో ఏడ్చాను. తర్వాత పొద్దుటిపూటలు నన్ను మెల్లగా లాక్కున్నాయి.

సందు చివర టీ కొట్టు దాదా మట్టికప్పులో టీ ఇస్తాడు. మొదటి గుక్కలో తడిమట్టి వాసన వస్తుంది, రెండో గుక్కకి ఉండదు. అందుకని మొదటి గుక్క చాలాసేపు తాగుతాను. చలికాలంలో కొత్త ఈతబెల్లం వస్తే ఆ రోజు నాకు పండగే. మధ్యాహ్నం మా గది గోడ మీద అరచెయ్యంత ఎండ పడుతుంది. అది మా ఆయన ఫోటో మీంచి జరిగి, క్యాలెండరు మీంచి జరిగి, బిందె మీదకి చేరేసరికి నాకు చిన్న కునుకు పడుతుంది. ఇప్పుడు గదిలోనే కుళాయి ఉంది. అయినా రోజూ ఒకసారి ఇత్తడి బిందె దాని కింద పెట్టి, నిండేదాకా వింటాను. అది పైకి పోతుంది, నేను కిందే ఉండి వింటాను. బాగానే ఉంటుంది, నిజంగానే.

మళ్ళీ వంటింట్లో

పోయిన మాఘమాసంలో ఒకరోజు తలుపు దగ్గర ఒకావిడ నిలబడింది. జుట్టు సగం నెరిసింది. చూపు మాత్రం అదే.

"పిన్నీ, నాను పైడమ్మని. మా స్వాతికి పెళ్ళి. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉజ్జోగం సేస్తంది. అప్పగింతల పాట నువ్వే పాడాల."

"నాకు గొంతు లేదమ్మా."

"ఉన్నకాడికి సాలు."

"పైడీ, నా మీద నీకు కోపం లేదా?"

"ఉండేది. ఎందుకుండదు? మా అత్త ఏడాదిపాటు మా అయ్యకి గ్లాసు ఏరుగా పెట్టింది. నాను రోజూ నిన్ను తిట్టుకునీదాన్ని." కొంగుతో నా కళ్ళు తనే తుడిచింది. "మేమంతా సంత్రాగాఛి క్వార్టర్‌లోనే ఉన్నాం. అత్త పోయి నాలుగేళ్ళయింది. అమ్మ పోయినాక అయ్య మా ఇంట్లోనే ఉంటన్నాడు. ముందురోజు రా పిన్నీ. వంటింట్లో కూకో."

వెళ్ళాను. వంతెన మీంచి బస్సులో వెళ్తుంటే నదిమీద పొగమంచు, దానిలో ఓడలు ఉన్నాయో లేవో తెలీనట్టుగా ఉన్నాయి. రైల్వే క్వార్టర్‌లో ఇరుకైన వంటిల్లు. పైడమ్మ నాకు పీట వేసి చేటలో వెల్లుల్లి పెట్టింది. దూరంగా స్టేషన్‌లో లోకల్ బళ్ళ పేర్లు వినిపిస్తున్నాయి. పులుసు ఉడుకుతోంది. ఎండ గుమ్మందాకా వచ్చింది.

పదకొండు గంటలయింది. పెరట్లో బకెట్ చప్పుడయింది. నీళ్ళు పోసిన చప్పుడు. నా చెయ్యి ఆగిపోయింది. పైడమ్మే పోస్తోంది అనుకున్నాను. చూస్తే పైడమ్మ నా పక్కనే పులుసు కలుపుతోంది. పెరట్లోంచి ఒక మగగొంతు, శ్రుతీ లయా లేకుండా, వీధుల మురుగంత కడిగొచ్చె అయ్య అని పాడుతోంది.

లేచి గుమ్మంలో నిలబడ్డాను. ఎండలో ప్లాస్టిక్ స్టూలు మీద సింహాచలం. బాగా ముసలాయన అయిపోయాడు, వీపు ఎముకలు లెక్కపెట్టొచ్చు. కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. వెనక నిలబడి నీళ్ళు పోస్తున్నది అల్లుడు రాజారావు.

"ఏడాది తిరిగినాక ఒక ఆదివారం అయ్య వచ్చినాడు," అంది పైడమ్మ నా వెనక నుంచి. "ఈయన మెట్టు మీంచి అయ్యని లేపి, పెరట్లోకి తీసుకొచ్చి, నీళ్ళు తోడి వీపు మీద పోసినాడు. మా అత్త కిటికీలోంచి సూస్తానే ఉంది. మర్నాటి నుంచి గ్లాసు ఒకటే."

రాజారావు నన్ను చూసి చెంబు బకెట్లో పడేశాడు. తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"అత్తా, ఆరోజు అడిగీసి ఎల్లిపోనావు. జవాబు ఇనకండా ఎల్లిపోతే ఎలాగ?"

పెరట్లోంచి ముసలాయన కేక వేశాడు, "ఏటా కబుర్లు? ఇక్కడ నీల్లు సల్లారిపోతన్నాయి!"

ఆయన ఒళ్ళు తుడుచుకుని, బట్టలు కట్టుకుని, తిని, మంచం మీద కూర్చునేదాకా ఆగాను. ఎన్ని బస్సులు పోయాయో నాకు తెలీదు. అప్పుడు స్వాతి కోసం కట్టిన చరణం, నాకు మిగిలిన కింది స్వరాల్లో, ఆయన పక్కన కూర్చుని వినిపించాను. తాత వీపు ఉంది, అల్లుడి చెయ్యి ఉంది, ఎండ ఉంది, వేణ్ణీళ్ళ పొగ ఉంది. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"పాడమంటారా?" అన్నాను.

"బాగుందమ్మా. గానీ మురుగు మాట తీసీసినావేటి?" అన్నాడు. "పెట్టు."